అటక మీది అండర్‌గ్రౌండ్

మా బ్యాండు పేరు బ్లోఔట్. 1995 జనవరి 8న మా కోనసీమలో, పాశర్లపూడిలో గ్యాస్ బావి ఎగదన్నింది. దాన్నే బ్లోఔట్ అంటారు. ఆ మంట 65 రోజులు మండింది. భూమిలోంచి వచ్చింది, చెవులు చిల్లులు పడేలా గోల చేసింది, చుట్టుపక్కల ఎవరినీ నిద్రపోనివ్వలేదు. ఒక బ్యాండుకి ఇంతకన్నా ఏం కావాలి? అప్పుడు మాది ఎనిమిదో తరగతి. తొమ్మిదిలోకి రాగానే ఆ పేరు పెట్టేసుకున్నాం. పాటల సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాం. ఆ తర్వాత అనేది ఇప్పటికీ రాలేదు.

ఈ జబ్బు అంటించింది మా బావ. వైజాగ్‌లో ఇంజినీరింగు చదివేవాడు. వేసవి సెలవులకి ఒక క్యాసెట్టు పట్టుకొచ్చి, "ఇది అండర్‌గ్రౌండ్ బ్యాండురా. వీళ్ళ పాటలు రేడియోలో రావు, షాపుల్లో దొరకవు, మామూలు మనుషులకి అర్థం కావు" అన్నాడు. ఆ మూడు అర్హతలూ మాకు పుట్టుకతోనే ఉన్నాయి. ఎక్స్‌పెరిమెంటల్ అంటే ఏమిటో కూడా ఆయనే చెప్పాడు. 1948లో పారిస్‌లో పియేర్ షాఫెర్ అనే రేడియో ఇంజినీరు, రైల్వే స్టేషనుకి వెళ్ళి ఇంజన్ల చప్పుడు రికార్డు చేసుకొచ్చి, కూర్చి, ఇదే సంగీతం అన్నాడట. దాన్ని రేడియోలో వేశారట కూడా.

"రేడియోలో రాకూడదన్నావు కదా బావా?"

"అది ఫ్రాన్సురా" అన్నాడు బావ.

అండర్‌గ్రౌండ్ అన్నాక నేల కింద ఉండాలి కదా. కోనసీమలో నేల కింద గది ఎవడు కట్టాడు? గునపంతో నాలుగు పోట్లు పొడిస్తే నీళ్ళు పైకొస్తాయి. అందుకని అటకెక్కాం.

మా పాకలో అటక మీద నాన్న కురిడీలకని కాయలు వేసేవాడు. తెలియనివాళ్ళకి చెప్తున్నాను. ముదురు కొబ్బరికాయల్ని నెలల తరబడి అలా అటక మీద వదిలేస్తే లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్ప నుంచి విడిపోయి గుండులా తయారవుతుంది. అయిందో లేదో తెలియాలంటే చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. పచ్చిదైతే బొళుకు బొళుకు అంటుంది, తయారైతే లొటలొటలాడుతుంది. ఇంత మంచి వాయిద్యం ఇంటి నిండా పెట్టుకుని మా వంశంలో ఎవరికీ తట్టకపోవడం నాకు ఆశ్చర్యం. నేను కుడిచేత్తో లొటలొట, ఎడంచేత్తో బొళుకు బొళుకు. రెండోవాడు స్టీలు బిందె బోర్లించి ఉంగరంతో కొట్టేవాడు. మూడోవాడివి రెండు సైకిల్ బెల్లులు. నాలుగోవాడు రామాలయం వాళ్ళు మూల పడేసిన హార్మోనియం తెచ్చాడు. అందులో అయిదు మెట్లే పలికేవి, వాటిలో ఒకటి నొక్కకపోయినా పలికేది. ఎవరి వాయిద్యం పేరు వాడికే పెట్టేశాం. బిందె, బెల్లు, హార్మోనీ, కాయ.

దసరా సెలవుల్లో మా తొలి రికార్డింగు పెట్టుకున్నాం. రైలు చప్పుడు కావాలి. మా వైపు రైలు లేదు. చూడాలంటే గోదావరి దాటాలి. బాగా ఆలోచించి, దాటడానికి ఎలాగూ పంటు ఎక్కాలి కాబట్టి ఆ పంటు చప్పుడే రికార్డు చేద్దామని తీర్మానించాం. ముక్తేశ్వరం రేవులో ఎక్కి కోటిపల్లి దాకా, మళ్ళీ వెనక్కి. ఇంట్లో రేడియో, టేపురికార్డరు కలిసిన టూ-ఇన్-వన్ ఉంది. అందులో క్యాసెట్టు కూడా ఉంది. కువైట్‌లో ఉన్న బాబాయికి పంపడానికి ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక వైపు క్షేమ సమాచారాలు మాట్లాడి పెట్టారు. రెండో వైపు ఖాళీ. ఖాళీ చోటు మీద హక్కు కళాకారుడిదే.

తెల్లవారుజామున ముగ్గురం బయల్దేరాం. బిందెగాడు లేవలేదు. వాడి కోసం అరుగు మీద చీటీ పెట్టి, ఎగిరిపోకుండా పైన ఓ కాయ పెట్టాను. ఆ చీటీలో ఏం రాశానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, ఆ తర్వాత చాలాసార్లు చదివించారు కాబట్టి.

"ఒరేయ్, మేం అండర్‌గ్రౌండ్ పని మీద వెళ్తున్నాం. నువ్వు కాయలు నాలుగు పట్టుకుని రేవుకి రా. ఇంట్లో చెప్పకు. ఈ రోజుతో మన చప్పుడు అందరికీ వినపడాలి. ఇట్లు, బ్లోఔట్."

బిందె కన్నా ముందు పెదనాన్నగారు లేచారు. ఆయన పేపరుని మొదటి పేజీలో పేరు దగ్గర్నుంచి చివరి పేజీ అడుగున ముద్రించినవారి పేరు దాకా చదివే మనిషి. ఆ రోజుల్లో పేపర్లో ఎవరైనా అండర్‌గ్రౌండ్‌కి వెళ్ళారంటే ఒకటే అర్థం, అన్నల్లో, అంటే నక్సలైట్లలో, కలిశారని. అసలు కోనసీమలో అడవెక్కడుంది? దాక్కుంటే కొబ్బరితోటలో దాక్కోవాలి, దింపువాడు చెట్టెక్కితే దొరికిపోతాం. అదంతా ఆలోచించే ఓపిక ఆయనకి లేకపోయింది.

"కాయలంటే నాటుబాంబులే" అని తేల్చేశారట. "సంతకం చూశావా తమ్ముడూ? గ్యాస్ బావులకే ఎసరు పెట్టారు!"

వేలకి వేల కాయలు లెక్కపెట్టే ఇంట్లో, చీటీ మీద కాయ పెట్టుకుని మరీ, కాయలంటే కొబ్బరికాయలేమో అని ఒక్కరికీ అనుమానం రాలేదు. అమ్మ శోకాలు మొదలుపెట్టింది. ఎనిమిది సైకిళ్ళు రేవుకి బయల్దేరాయి.

అప్పటికి మేం ఏటి మధ్యలో ఉన్నాం. పంటు అంటే రెండు పడవలు కలిపి మీద బల్లలు పరిచింది. దాని మీద పాలక్యాన్లు, సైకిళ్ళు, రెండు మేకలు, ఒక పెళ్ళిచూపుల బృందం. నేను టూ-ఇన్-వన్ ఇంజను పక్కన పెట్టి రికార్డు బటన్ నొక్కాను. "బ్యాటరీ సెల్లులు దండగ, బాబూ. ఈ ఇంజను రోజూ ఇలాగే ఏడుస్తుందండీ, ఆయ్" అన్నాడు సరంగు. అద్భుతమైన రికార్డింగు. తిరుగుప్రయాణంలో గట్టు మీద పెదనాన్నగారు కండువా ఊపుతూ కనిపించారు.

"లొంగిపోండ్రా! జనజీవన స్రవంతిలోకి వచ్చేయండ్రా!"

"స్రవంతిలోనే ఉన్నాం పెదనాన్నా, సరిగ్గా మధ్యలో" అని అరిచాను. వెటకారం మా ఏటి నీళ్ళలోనే ఉంది, నేనేం చెయ్యను?

గట్టు మీద కాలు పెట్టగానే నాన్న అందుకున్నాడు. వీపు విమానం మోత మోగింది. అమ్మ ఒకపక్క నన్ను పట్టుకుని ఏడుస్తూ, ఇంకోపక్క "ఇంకో రెండు వెయ్యండి" అంటోంది. పెదనాన్నగారు మా సంచీ బోర్లించారు. నాలుగు కురిడీలు దొర్లాయి. ఒకటి తీసి, భయంగా చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "ఇది ఇంకా తయారవలేదు" అన్నారు. దాంతో, కాయలు పాడుచేసినందుకు విడిగా రెండో విడత పడింది.

ఈ గొడవలో టూ-ఇన్-వన్ బటన్ ఎవరూ నొక్కలేదు. అది క్యాసెట్టు అయిపోయేదాకా రికార్డు చేసి టక్కున తనంతట తనే ఆగింది. ఆ రాత్రి పక్క ఊరాయన కువైట్ వెళ్తుంటే, రెండో వైపు ఏముందో వినకుండా నాన్న దాన్ని ఆయన చేతికిచ్చి పంపేశాడు.

నెలన్నరకి బాబాయి ఉత్తరం వచ్చింది. నాన్న అరుగు మీద కూర్చుని అందరికీ పైకి చదివాడు.

"అన్నయ్యకి నమస్కారాలు. క్యాసెట్టు అందింది. మొదటి వైపు అందరూ బాగున్నారని విన్నాను. రెండో వైపు పంటు చప్పుడు వచ్చేసరికి రూములో తొమ్మిది మందిమీ మాట్లాడకుండా కూర్చున్నాం. రోజూ డ్యూటీ నుంచి వచ్చాక అదే పెట్టుకుంటున్నాం. వదిన శోకం బాగా కుదిరింది. చివర్లో డప్పు ఎవరు వాయించారో గానీ, దరువు అదిరిపోయింది. అతనికి నా పేరున పది రూపాయలు ఇవ్వగలవు."

నాన్న అక్కడ ఆగి ఉత్తరం మడతపెట్టాడు.

"వాయించింది మీరే అనుకోండి" అంది అమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. "కానీ డప్పు వాడిది కదా. పదీ వాడికే ఇవ్వండి."