కొండ కింద కాపురం: ఒక వినతిపత్రం

తిరుపతిలో సొంత ఇల్లు ఉన్నవారిని చూసి బయటి ఊళ్లవారు పుణ్యాత్ములంటారు. ఆ పుణ్యం ఇంట్లో ఎవరెవరికి ఏ పాళ్లలో అందుతున్నదో ఇంతవరకు ఏ ప్రభుత్వమూ లెక్క తీయలేదు కనుక, మా ఇంటి అనుభవం ఆధారంగా ఆ లోటును పూడ్చడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను. మా మామగారి తండ్రి కట్టించిన ఇల్లు కొడుకులకు దక్కింది. ఇంటిపేరు అందరికీ దక్కింది. కొండకు వచ్చే బంధువులు మాత్రం ఏ దస్తావేజులోనూ రాసి లేకపోయినా తరతరాలుగా కోడళ్లకే సంక్రమిస్తున్నారు. మా అత్తగారికి వారి అత్తగారి నుంచి అందిన ఈ ఆస్తి నా కాలానికి తరగకపోగా బాగా పెరిగింది. ఎందుకంటే ఆనాటి బంధువుల పిల్లలకు పెళ్లిళ్లయి, వారి వియ్యాలవారు, ఆ వియ్యాలవారి పక్కింటివారు కూడా మనవాళ్లే అయ్యారు.

కొండ మీద దేనికైనా ఒక పద్ధతి ఉంది. మూడు వందల రూపాయల దర్శనానికి నెలల ముందే ఆన్‌లైన్‌లో టికెట్టు తీసుకోవాలి, ఆధార్ చూపాలి, చెప్పిన వేళకు చేరాలి. టికెట్టు దొరకనివారు శ్రీనివాసం వసతిగృహం దగ్గరో విష్ణునివాసం దగ్గరో ఉచిత దర్శనం టోకెను కోసం నిలబడి, పైకి వెళ్లాక కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చోవాలి. ఈ నియమాలన్నిటినీ గోవింద నామస్మరణతో శిరసావహించే భక్తుడే మా గడప దగ్గరకు వచ్చేసరికి టికెట్టు అక్కర్లేని సర్వదర్శనం తప్ప మరో విధానం ఎరగనట్టు ప్రవర్తిస్తాడు. తెల్లవారుజామున రైలు దిగి, ఆటో ఎక్కి, ఆ ఆటో మా వీధి మలుపు తిరిగాక ఫోన్ చేస్తాడు. వేడినీళ్లు, కాఫీ, ఇడ్లీ అయ్యాక అసలు సంగతి బయటపడుతుంది: "ఇక్కడే ఉంటారు కదమ్మా, తెలిసినవాళ్లు ఎవరూ లేరా? దర్శనానికి ఒక సిఫారసు లెటర్ రాయించలేరా?" సముద్రపు ఒడ్డున ఇల్లున్నవాడికి చేపలన్నీ పేరు పేరునా తెలిసి ఉంటాయన్న నమ్మకం వంటిదిది. లెటర్ దొరకలేదని చెబితే, అందుకు పరిహారంగా మధ్యాహ్నానికి రాగి సంగటి, ఊరిబిండి చేసిపెట్టడం మర్యాద.

ఇదంతా మన సంస్కృతి అని మా వారు హాల్లో కూర్చుని వివరిస్తారు. సంస్కృతి సంగతి పురాణాల్లోనే తేల్చుకుందామని పరిశీలించగా, వారి మాటకు గట్టి ఆధారాలే దొరికాయి. ద్వాపరంలో యశోదగా కొడుకు పెళ్లి చూడలేకపోయిన తల్లి, వకుళమాతగా పుట్టి ఆ ముచ్చట తీర్చుకుంది. పెళ్లి జరిపించిన పెద్దదిక్కుకు ఆలయంలో చోటు ఎక్కడ దొరికిందంటే, పోటు అనే వంటశాల దగ్గర. స్వామి నైవేద్యాల తయారీని ఆమె నేటికీ చూసుకుంటూ ఉంటుందని నమ్మకం. యుగం మారినా వంటింటి బాధ్యత నుంచి ఆమెకు పదవీ విరమణ దొరకలేదన్నమాట. ఇక పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు తీర్చడానికి కానుకలు కొలిచి కొలిచి అలసిన అన్నగారు గోవిందరాజస్వామి, కుంచం తలకింద పెట్టుకుని ఊరి నడుమ శయనించి ఉన్నారు. నెలాఖరున కిరాణా బిల్లు చూశాక మా వారిదీ అదే భంగిమ. కుంచాలు వాడుకలో లేవు కనుక దిండుతో సరిపెట్టుకుంటున్నారు. స్వామి చెల్లెలు తాతయ్యగుంట గంగమ్మకు మే నెల జాతరలో కొండ నుంచి సారె వస్తుంది. ఆడపడుచుకు ఏడాదికోసారి చీర పెట్టడమనే ఆచారాన్ని మా ఇంట్లోనూ అంతే నిష్ఠగా పాటిస్తున్నారు, ఆ చీర ఎంచుకురావడం మాత్రం నా పని.

ఆ కుటుంబం మొత్తంలో వేరు కాపురం సాధించింది పద్మావతమ్మ ఒక్కతే. తిరుచానూరులో తన గుడి, తన బ్రహ్మోత్సవాలు, వాటి చివరినాడు తన పంచమి తీర్థం ఏర్పాటు చేసుకుని, ఆనాడు సారె కూడా కొండ మీది నుంచే తెప్పించుకుంటున్న ఆ తల్లి ముందుచూపుకు నేను నిత్యం నమస్కరిస్తాను. మా బంధువులు మాత్రం తిరుగు రైలుకు ఇంకా సమయం ఉంటేనే ఆమెను చూసి వస్తారు.

తిరుపతి లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. తిరుపతి కోడలి ఆతిథ్యానికి కూడా అందుకు కావలసిన అర్హతలన్నీ ఉన్నాయని సవినయంగా మనవి చేస్తున్నాను: మరో ఊళ్లో ఇది ఇంత మోతాదులో తయారుకాదు, తయారీ విధానం వంశపారంపర్యం, ఎంత పంచినా పంచినవారికి మిగలదు. లడ్డు విషయమూ అంతే. గుండ్లకు గంధం పూసుకుని కొండ దిగిన బంధుబృందం మా మంచం మీదే లడ్డూలు పరిచి, వాళ్ల వీధిలో ఎవరికెన్ని ఇవ్వాలో లెక్క వేసుకుంటుంది. చివరికి విరిగిన చెక్క ఒకటి నా చేతిలో పెట్టి, "మీకేమమ్మా, కావలసినప్పుడల్లా దొరుకుతుంది" అంటుంది. స్థానికులకు నెలలో మొదటి మంగళవారం దర్శనం కల్పించే పద్ధతిని 2024 డిసెంబరులో మళ్లీ మొదలుపెట్టిన మాట నిజమే. దాని టోకెను కోసం ముందుగా వెళ్లి వరుసలో నిలబడాలి. నేను నిలబడితే ఇంట్లో వరుసగా కూర్చున్నవారికి వడ్డించేదెవరన్న ప్రశ్నకు మా వారి సంస్కృతిలో ఇంకా జవాబు వెతుకుతున్నారు.

అందువల్ల మా ఇంటికి కూడా ఒక ముందస్తు నమోదు విధానం ఉండాలని, నెల ముందు చెప్పినవారికే పక్క, పూట భోజనం ఉంటాయని ఒక తీర్మానం రాసి అత్తగారి ముందు పెట్టాను. ఆమె కళ్లద్దాలు తెప్పించుకుని రెండుసార్లు చదివి, తీర్మానం న్యాయంగానే ఉందని, అయితే తన పుట్టింటివారికి ఇది వర్తించదని ఒక సవరణ చేశారు. వయసుకు గౌరవమిచ్చి అందుకు ఒప్పుకుని, నా పుట్టింటివారినీ ఆ సవరణలో చేర్చాను. మా వారు తన ఆఫీసువారిని, చిన్ననాటి మిత్రులను, వారి కుటుంబాలను చేర్చారు. ఫోన్‌లో విషయం విన్న ఆడపడుచు తన అత్తింటివారందరి తరఫున అభ్యంతరం తెలిపింది, అదీ చేర్చాం. ఏకగ్రీవంగా ఆమోదం పొందిన ఆ తీర్మానం ఇప్పుడు మా ఎదురింటివారికి మాత్రమే వర్తిస్తుంది. వారికి తిరుపతిలో సొంత ఇల్లు ఉంది.