పాత గాలం డబ్బా: నీళ్ళలోకా, బీరువాలోకా?

బరంపురంలో పాత సామాన్ల కొట్టు అరుగు. మధ్యలో మూత ఊడిన బిస్కెట్ల డబ్బా. అందులో ఎరగా వేసే నకిలీ చేపలు (లూర్లు), రబ్బరు పురుగులు, పాత గరిటెలు, సీసం గుండ్లు, చిక్కుపడ్డ నైలాన్ దారం. గోపాల్‌పూర్ ఒడ్డున వేట చేసే మావ అన్నీ బాగుచేసి వాడాలంటాడు. పాత సరుకు సేకరించే అల్లుడు సగంవాటి మీద చెయ్యే పడకూడదంటాడు.

మావ: డబ్బా మొత్తం తూకానికి ఇచ్చేస్తానంటున్నాడు, పట్టుకుపోదాం. కొత్త లూరు కొని వేస్తే రాళ్ళలో తగులుకుని డబ్బు నీళ్ళపాలు. పాతది తెగిపోయినా ఏటి పోయింది?

అల్లుడు: పోయిందేమిటో తెలియకుండా పోగొట్టుకోవడమే నాకు నచ్చదు మావా. ముందు బల్ల మీద పరిచి చూద్దాం. వేలు పెట్టకు, పటకారుతో తియ్యి.

మావ: నాకు చెప్తున్నావా? ఒడ్డున ఇసకలో దొరికినా, వల పీచులో ఇరుక్కుని దొరికినా మొదటి పని ముల్లుకి బెండు ముక్క గుచ్చడం. తుప్పు గాలం గుచ్చుకుంటే ధనుర్వాతం సూదికి పరిగెత్తాలి.

అల్లుడు: ఈ రబ్బరు పురుగులు గట్టి ప్లాస్టిక్ చేపలకి ఎలా అతుక్కుపోయాయో చూడు. రబ్బరుని మెత్తగా ఉంచే నూనె బయటికొచ్చి పక్కనున్న ప్లాస్టిక్‌నీ రంగునీ కరిగించేస్తుంది. రెండూ ఒకే అరలో ఉంచకూడదు. అతుక్కున్నవి లాగితే రంగంతా ఊడొస్తుంది.

మావ: అవి ఎటూ పోయినవే. గాలాల సంగతి చూద్దాం. నకిలీ చేప ఎంత బాగున్నా దాని పాత గాలం, పాత రింగు నేను వాడను. ఈ మూడు ముళ్ళ గాలం చూడు. మూడు కాడలూ కలిపి అతికిన చోట నీళ్ళు నిలిచి లోపలినుంచి తింటాయి. పైన మెరుపు ఉంటుంది, లోపల కాడ సన్నబడి ఉంటుంది.

అల్లుడు: వెనిగర్లో రాత్రంతా నానేస్తే తుప్పు వదులుతుందంటారుగా?

మావ: తుప్పుతోపాటు సత్తువా వదులుతుంది. గాలానిది గట్టిపరిచిన ఉక్కు. పులుసులో నానితే పుట్టే హైడ్రోజన్ ఆ ఉక్కులోకి దూరి పెళుసు చేస్తుంది. పైకి కొత్తదానిలా ఉంటుంది, పార చేప ఒక్క ఊపు ఊపితే వంగకుండానే పుటుక్కుమంటుంది. పాతది పారెయ్యడమే.

(ఈ మాట దగ్గర మావకి ఎదురులేదు. గాలం ఖర్చుకి వెనకాడేవాడు చేపనీ లూరునీ రెంటినీ పోగొట్టుకుంటాడు.)

అల్లుడు: పారేసే ముందు తూచావా?

మావ: గాలాన్ని తూచడమేటి?

అల్లుడు: నగల కాటా మీద పెట్టు. రెండు గ్రాముల గాలం తీసి మూడు గ్రాములది తగిలిస్తే తేలాల్సిన లూరు తోక దించేస్తుంది, దాని ఊగులాట చచ్చిపోతుంది. లూరు పాడైందని నువ్వు తిట్టుకుంటావు. పాడు చేసింది కొత్త గాలం.

మావ: బకెట్టులో వేసి చూస్తే తేలిపోదూ!

అల్లుడు: ఏ నీళ్ళ బకెట్టు? సముద్రపు నీళ్ళు మంచినీళ్ళకన్నా ఇంచుమించు రెండున్నర శాతం బరువు. కుళాయి నీళ్ళలో మధ్యన నిలబడ్డ లూరు సముద్రంలో పైకి తేలిపోతుంది. రుషికుల్య నది మొగలో అయితే వానాకాలం ఒకలా, వేసవిలో ఒకలా. వెయ్యబోయే చోటి నీళ్ళే బకెట్టులోకి పట్టు.

మావ: సరే, ఆ మాట తీసుకుంటాను. ఇంకోటి నేను చెప్తాను. లాగినప్పుడు లూరు ఎడమకి పారిపోతుంటే దారం కట్టే ముక్కు కొక్కేన్ని పటకారుతో వెంట్రుకవాసి కుడికి వంచాలి. ఒకసారి వంచి, ఒకసారి లాగి చూడాలి. ఎక్కువ వంచి మళ్ళీ వెనక్కి వంచితే తీగ అక్కడే అలిసి తెగుతుంది.

అల్లుడు: దీనికి మాత్రం పటకారు తగిలించకు. ఇది కర్ర చేప. కళ్ళు గాజువి.

మావ: రంగు పగిలిపోయింది కదరా! సాండ్ పేపర్ కొట్టి, రెండు పూతలు ఎనామిల్ వేస్తే కొర్రమేనుకి పనికొస్తుంది.

అల్లుడు: ఆ పని చేస్తే దీని విలువ అక్కడే సగానికి పైగా పోతుంది. కర్ర లూర్లకి పెద్ద బజారు అమెరికా. అక్కడ సేకరించేవాళ్ళ సంఘం 1976 నుంచి ఉంది. మిషిగన్‌లో హెడన్ కంపెనీ చేసిన చెక్క చేపల్లాంటివాటికి వాళ్ళు చూసేది మొదటి రంగు, మొదటి బిగింపులు, దొరికితే అట్టపెట్టె. పగుళ్ళున్న అసలు రంగు ముందు నున్నటి కొత్త రంగు దిగదుడుపే.

మావ: ఇది అసలుదని ఎలా చెప్తావ్? పాతదని నమ్మించడానికి టీ డికాక్షన్ పూసేవాళ్ళు లేరా?

అల్లుడు: ఉన్నారు. అందుకే స్క్రూ చూడాలి. ప్లస్ గాడి స్క్రూకి ఫిలిప్స్ పేటెంట్లు వచ్చింది 1936లో. 1920ల చేప అని చెప్పి ప్లస్ స్క్రూ చూపిస్తే స్క్రూ అయినా మార్చి ఉండాలి, కథ అయినా అల్లి ఉండాలి. మన చేపకి ఒకటే గాడి. అంతమాత్రాన పాతదని రుజువు కాదు, కాదనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. రాపాలా పేరున్నది ఎవరైనా 1930కి ముందుదని అమ్మితే నవ్వి వచ్చెయ్. ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా బెండుతో మొదటి చేప చెక్కి, చాక్లెట్ రేకు చుట్టింది 1936లోనే.

మావ: రేకు చుట్టాడూ? అయితే ఆయనా మన బాపతే. పారేసిన రేకుతోనే చేశాడుగా! వాడకుండా దాచమని ఆయన చెప్పలేదు.

అల్లుడు: ఆయన కొత్తది చేశాడు, పాతదాన్ని గీకలేదు. నువ్వూ అదే చెయ్యి. దీన్ని నమూనాగా పెట్టుకుని కాగితం మీద పక్కనుంచి, పైనుంచి గీత గీసుకో. కొండపల్లి బొమ్మల పొనికి కర్ర దొరికితే తేలిక, చాకుకి లొంగుతుంది. పొట్ట కింద నిలువునా రంపంతో గాడి తీసి, 1.2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ తీగ ముక్కు నుంచి తోక దాకా ఒకటే ముక్కగా వెయ్యి. గాలాలు ఆ తీగకే తగలాలి. గాడిని ఎపాక్సీ జిగురుతో నింపు.

మావ: ఈ పాతదానికి మర స్క్రూలే ఉన్నాయి కదా?

అల్లుడు: అందుకే సముద్రానికి పనికిరాదంటున్నాను. స్క్రూ కన్నం గుండా తడి చేరుతుంది, కర్ర ఉబ్బుతుంది, ఆరాక కుంచించుకుపోతుంది, రంగు పెచ్చులూడుతుంది. పట్టు వదిలిన స్క్రూని పండుగప్ప లాగితే గాలం దాని నోట్లో, కర్ర నీ చేతిలో. దీనికి చెయ్యాల్సింది గోరువెచ్చని నీళ్ళు, ఒక బొట్టు సబ్బు, పిండిన దూది. మరుగు నీళ్ళు వద్దు. గోళ్ళ రంగు తీసే ఎసిటోన్ అసలు వద్దు, రంగూ ప్లాస్టిక్కూ రెండూ కరుగుతాయి. నీడన ఆరబెట్టు.

మావ: కర్ర చేప నువ్వు తీసుకో. ఇత్తడి గరిటెలు నావి, వాటి దగ్గర నన్ను ఆపకు. గరిటె తలతో లూరు చెయ్యడం కొత్త విద్య కాదు. జూలియో బ్యూల్ అనే ఆయన 1852లోనే అమెరికాలో స్పూను లూరుకి పేటెంటు తీసుకున్నాడు.

అల్లుడు: గరిటెల్లో ఏది ఇత్తడో ఏది కంచో చూశావా? ముందు గోటితో మీటు. కంచు ఖంగుమని చాలాసేపు మోగుతుంది. అందులో వందకి ఇరవై పాళ్ళకి పైగా తగరం ఉంటుంది, చల్లగా ఉండగా సుత్తి వేస్తే పగులుతుంది. కంచు పని ఎర్రగా కాల్చి చెయ్యాల్సిందే. మన సిక్కోలు జిల్లా బుడితి సరుకులో కంచూ ఉంది, ఇత్తడీ ఉంది. తెలియకుండా ఒక దెబ్బ వేస్తే మళ్ళీ అతకదు.

మావ: నేను తీసేది ఇత్తడే. తొడిమ కోసేసి, తల రెండు చివర్లా అంచుకి నాలుగైదు మిల్లీమీటర్లు లోపలగా సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి మూడు మిల్లీమీటర్ల కన్నం. ముక్కని రెండు చెక్కల మధ్య బిగించాలి. ఇత్తడిలో డ్రిల్లు బిట్టు గబుక్కున కొరుక్కుంటుంది, చేత్తో పట్టుకుంటే ముక్క గిర్రున తిరిగి వేళ్ళు కోస్తుంది. కన్నం అంచు ఆకురాయితో నున్నగా చెయ్యాలి. ఒక చివర రింగుకి గాలం, రెండో చివర రింగుకి స్వివెల్, అంటే గిర్రున తిరిగే కొలికి. స్వివెల్ లేకపోతే స్పూను తిరిగిన తిరుగుడంతా దారానికే ఎక్కుతుంది.

అల్లుడు: స్టీలు చెంచా అయితే?

మావ: అప్పుడు నిదానం. స్టీలు వేగంగా తిరిగే బిట్టుకి ఇంకా గట్టిపడిపోతుంది, బిట్టు నల్లగా కాలుతుంది. తక్కువ వేగం, గట్టి ఒత్తిడి, రెండు చుక్కల నూనె. ఇత్తడి వంపు ఎక్కువ కావాలంటే మసకగా ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చి, అప్పుడు చెక్క సుత్తితో కొట్టాలి. కాల్చకుండా కొడుతూ పోతే అంచు చీలుతుంది.

అల్లుడు: కళాయి పూసిన గరిటె కాల్చకు. పాత కళాయిలో సీసం ఉండొచ్చు. అరగదీసేటప్పుడు ముక్కుకి గుడ్డ చాలదు, మాస్కు పెట్టుకో. ఇంకో మాట, ఉప్పునీళ్ళలో ఇత్తడికి ఇనుప గాలం తగిలి ఉంటే తుప్పంతా గాలానికే తొందరగా పడుతుంది.

మావ: పడుతుంది. అందుకే వేట అయ్యాక మంచినీళ్ళలో కడిగి, గాలం విప్పి విడిగా ఆరబెడతాం. మెరుపుకి చింతపండు, ఉప్పు.

అల్లుడు: నీ స్పూన్లకి రుద్దుకో, ఉప్పు మిగలకుండా కడుక్కో. దీనికి మాత్రం చింతపండు చూపించకు.

(అల్లుడి చేతిలో జానెడు ఇత్తడి చేప. ఒళ్ళంతా తునకలు తునకలుగా కూర్చింది. అటూ ఇటూ వంగుతుంది. తోక దగ్గర రెండు తునకలు లేవు.)

మావ: బెలగుంఠ చేప! గంజాం కంసాలీల పని. దేవుడు లూరు చెయ్యమనే దీన్ని ఇలా పుట్టించాడు. ఎలా ఊగుతోందో చూడు.

అల్లుడు: గాల్లో ఊగుతుంది. నీళ్ళలో రాయిలా దిగుతుంది. ముక్కు పట్టి లాగితే బరువంతా తునకల మధ్య అతుకుల మీద పడుతుంది. అవి బల్ల మీద అందం కోసం పెట్టిన అతుకులు, వంజరం లాగుడికి పెట్టినవి కావు. పైగా సందుల్లో దారం ఇరుక్కుంటుంది.

మావ: మధ్యలోంచి స్టీలు తీగ దూరిస్తే?

అల్లుడు: బలం వస్తుంది, వంగడం పోతుంది. వంగని బెలగుంఠ చేప నీకెందుకు, నాకెందుకు?

మావ: ... తోక లేదు కదా, ఎవడు కొంటాడు దీన్ని?

అల్లుడు: బెలగుంఠలో ఆ పని చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. లేని తునకలు వాళ్ళచేత వేయిస్తే వేసిన చోటు తెలిసిపోతుంది, తెలియనీ. తూకం లెక్కన కరిగించడం కన్నా నయం.

మావ: ఏదో ఒకటి. సీసం గుండ్లు నావి.

అల్లుడు: ఉన్నవి ఉన్నట్టు వాడుకో, కరిగించి కొత్త అచ్చు పొయ్యకు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, వంటింటి పొయ్యి చాలుననే ధైర్యం అక్కడే వస్తుంది. అచ్చులో ఒక్క చుక్క తడి ఉంటే ఆవిరై సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. ఆ గిన్నె మళ్ళీ వంటకి రాదు. పాత బ్యాటరీ సీసం అయితే దగ్గరికే పోకూడదు. బ్రిటన్‌లో చిన్న సీసం గుండ్లు 1987లోనే ఆపేశారు, హంసలు మింగి చస్తున్నాయని.

మావ: మన దగ్గర హంసలు లేవు గానీ తాబేళ్ళున్నాయి. అందుకే ఈ చిక్కు నైలాన్ నాకొద్దు. ఎండకి పెళుసెక్కిన దారం ముడి దగ్గరే తెగుతుంది. ముక్కలు ఒడ్డున వదిలితే రుషికుల్య దగ్గర గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ళ కాళ్ళకి చుట్టుకుంటాయి. జానెడు జానెడుగా కత్తిరించి చెత్తలో వెయ్యాలి. హవాయి చెప్పు ఒకటి కనిపిస్తోంది, అది ఇలా ఇయ్యి.

అల్లుడు: చెప్పా?

మావ: కొర్రమేనుకి కప్ప. బొటనవేలంత కోసి, అంచులు గుండ్రంగా చెక్కి, జంట ముళ్ళ గాలం ముళ్ళు పైకి వచ్చేలా గుచ్చి, వెనక రబ్బరు పీచు రెండు పోగులు. గుర్రపుడెక్కలో, తామరాకుల్లో చిక్కదు. థర్మోకోల్ వద్దు, మూడు విసురులకి పిండైపోతుంది. ఇది పోయినా అమెరికావాళ్ళెవరూ ఏడవరు.

అల్లుడు: నేనూ ఏడవను. తీసేసిన పాత గాలాలన్నీ లెక్కపెట్టు. పటకారుతో ముళ్ళు నొక్కి, మూతున్న ప్లాస్టిక్ సీసాలో వేసి, టేపు చుట్టి తుక్కువాడికి చేతికివ్వాలి. డబ్బాలో వదిలేస్తే ఈ కొట్టులో పనిచేసే కుర్రాడి చేతికే గుచ్చుకుంటాయి.