జస్టిన్ లిన్ పేరుతో తిరుగుతున్న ఆ మెసేజ్ గురించి

తైవాన్ సైన్యం వదిలి చైనా వెళ్లిపోయిన ఆర్థికవేత్త జస్టిన్ యీఫు లిన్ మీద ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపినవాళ్లలో పిల్లలకు ఎకనామిక్స్ చెప్పేవాళ్లూ ఉన్నారు, అదే నాకు మింగుడు పడలేదు. "సముద్రం ఈది చైనా తలరాత మార్చిన ఒకే ఒక్కడు" అని హెడ్డింగ్. కింద వరసగా: బాస్కెట్‌బాల్స్ పట్టుకుని ఈదాడు, నోబెల్ కొట్టాడు, ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడయ్యాడు, తైవాన్ క్షమించి సన్మానం చేసింది, చైనా వ్యవసాయాన్ని తన ప్లాన్‌తో బాగుచేశాడు. చివర్లో నీతి: "ఒక్కరు చెబితే కోట్లమంది నోరు మూసుకుని వినడమే చైనా విజయ రహస్యం. మనకూ అదే కావాలి."

ఈత నిజమే. 1979 మే 16న తైవాన్ చేతిలో ఉన్న కిన్మెన్ దీవి నుంచి చైనాకు వెళ్లిపోయాడు. బాస్కెట్‌బాల్స్ సంగతి వదిలేద్దాం, ఉన్నా లేకపోయినా ఒరిగేదేం లేదు. నోబెల్ రాలేదు. అది 1979లో వచ్చింది షికాగోలో ఆయనకు గురువైన థియోడర్ షుల్ట్జ్‌కి. ప్రపంచ బ్యాంకులో 2008 నుంచి 2012 దాకా ఆయన చీఫ్ ఎకనామిస్ట్, అధ్యక్షుడు కాదు. తైవాన్ క్షమించిందన్నది పచ్చి అబద్ధం. సైన్యం వదిలి శత్రువు వైపు వెళ్లాడన్న కేసు అలాగే ఉంది. 2002లో తండ్రి చనిపోతే ఆయన వెళ్లలేక భార్య వెళ్లాల్సి వచ్చింది.

ఇక వ్యవసాయం. 1978 చివర్లో అన్హుయి ప్రాంతంలోని షియావ్‌గాంగ్ అనే ఊళ్లో 18 కుటుంబాల రైతులు రహస్యంగా ఒక కాగితం రాసుకున్నారు. సామూహిక పొలాన్ని ఇంటింటికీ పంచుకుందాం, సర్కారు కోటా కట్టేశాక మిగిలింది ఎవరిది వాళ్లకే. అప్పటి చట్టం ప్రకారం అది నేరం. అందుకే ఇంకో మాట కూడా రాశారు: దీనివల్ల ఊరి నాయకులు జైలుకెళితే వాళ్ల పిల్లల్ని 18 ఏళ్లు వచ్చేదాకా మిగతావాళ్లు పెంచాలి. కింద ఎర్రటి వేలిముద్రలు. ఈ పద్ధతే తర్వాత దేశమంతా పాకింది. ఆ చలికాలంలో లిన్ ఇంకా తైవాన్ సైన్యంలోనే ఉన్నాడు. ఆయన ప్లాన్ ఇక్కడికి ఎలా వచ్చింది?

లిన్ చేసిన పని వేరు, అది చిన్నదేం కాదు. 28 రాష్ట్రాల లెక్కలు తీసుకుని, 1978 నుంచి 1984 దాకా పంట దిగుబడి అంతలా పెరగడానికి ఏది ఎంత కారణమో విడదీశాడు. 1992లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలింది ఇది: దాదాపు సగం పెరుగుదల పొలం కుటుంబం చేతికి రావడం వల్ల, మిగతాదాంట్లో పెద్ద వాటా ఎరువుల వాడకం పెరగడం వల్ల. రైతులు జైలుకు తెగించి చేసిన పనికి ఈయన లెక్క కట్టాడు. ఆ రైతుల్ని మెసేజ్‌లోంచి తుడిచేసి ఆయన్ని హీరోని చేస్తే అది ఆయనకు కూడా గౌరవం కాదు.

అసలు నాకు ఒళ్లు మండేది ఆ చివరి నీతి చదివితే. దాన్ని సాక్షాత్తూ లిన్ మీదే రుద్దుతున్నారు! చైనాలో 1959–61లో వచ్చిన కరువు మీద ఆయన 1990లో రాసిన పేపర్ ఉంది. ఆయన ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది. 1958 దాకా సహకార సేద్యం బాగానే సాగింది, ఆ తర్వాత ఒక్కసారిగా ఎందుకు కూలింది? ఆయన జవాబు: మొదట్లో నచ్చని రైతు బయటికి వెళ్లిపోవచ్చు. కష్టపడేవాళ్లు అలా వెళ్లిపోతారన్న భయంతోనే మిగతావాళ్లు ఒళ్లు దాచుకోకుండా పనిచేసేవాళ్లు. 1958లో కమ్యూన్లు, అంటే భారీ ఉమ్మడి సేద్య సంఘాలు, పెట్టి బయటికి వెళ్లే హక్కు తీసేశారు. ఎవరూ కదలడానికి వీల్లేదు. 1959లో తిండిగింజల దిగుబడి 15% పడిపోయింది. తర్వాతి రెండేళ్లూ 1958లో పండినదాంట్లో 70% దగ్గరే ఉండిపోయింది. ఆయన పేపర్‌లో ఇచ్చిన లెక్క ప్రకారం అదనంగా పోయిన ప్రాణాలు సుమారు 3 కోట్లు.

మూడు కోట్లమంది. నోరు మూసుకుని వినడం అంటే అది. 2000లో మరొకరితో కలిసి రాసిన పేపర్‌లో, పట్నాలకు రేషన్ ఖాయం చేసి, పల్లెల నుంచి గింజలు ముందుగా లాక్కుని, మిగిలింది మాత్రమే పండించినవాళ్లకు వదిలారని చూపించాడు. ఇంత రాసిన మనిషి ఫొటో పెట్టి, కింద "మనకూ అదే కావాలి" అని రాయడానికి చేతులెలా వచ్చాయి? ఫార్వర్డ్ చేసేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఆ 1990 పేపర్ మొదటి పేజీ చూసినా చాలు కదా!

అయితే ఒకటి ఒప్పుకోవాలి. అభివృద్ధికి ప్రభుత్వం దారి చూపాలన్నది లిన్ నిజంగా నమ్మే మాటే. ఏ పరిశ్రమ తమ దేశానికి నప్పుతుందో సర్కారు గుర్తించి, రోడ్లు, కరెంటు, పోర్టులు సమకూర్చాలంటాడు. ఆ వరకు మెసేజ్ రాసినవాళ్లు గాల్లోంచి పుట్టించలేదు, ఆయన పేరు వాడుకోవడానికి కొంత ఆధారం ఉంది. చైనా అనుభవం చూస్తే ఆ వాదనలో బలం ఉందనే నాకూ అనిపిస్తుంది. కానీ మావో కాలంలో డబ్బంతా భారీ పరిశ్రమల్లో పోయడాన్ని తప్పుపట్టిందీ ఆయనే. పైగా 2016 నవంబరులో, ఆయన పాఠాలు చెప్పే పెకింగ్ యూనివర్సిటీలోనే, సహోద్యోగి చాంగ్ వెయ్‌యింగ్ అందరి ముందూ ఆయన్ని ఎదిరించాడు. ఏ పరిశ్రమ గెలుస్తుందో అధికారులకు ముందే తెలియదు, అలాంటి పథకాలు లంచాలకే దారితీస్తాయి అన్నాడు. లిన్ కూర్చుని విన్నాడు, తన వాదన తను చెప్పాడు.