సవరణ: బ్రిటన్ ఖైదీల ఓటు కేసు

బ్రిటన్‌లో జైలుశిక్ష పడ్డవాళ్లకి ఓటు లేకపోవడం మీద 2005లో వచ్చిన తీర్పు యూరోపియన్ యూనియన్ కోర్టుదని మొన్నటి పోస్టులో ఉంది, కాదు, అది స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుది, దానికీ యూనియన్‌కీ సంబంధం లేదు కాబట్టే బ్రెగ్జిట్ (యూనియన్ నుంచి బయటికి రావడం) తర్వాత కూడా బ్రిటన్ ఆ కోర్టు పరిధిలోనే ఉంది. ఇంకోటి, ఖైదీలందరికీ ఓటివ్వమని కోర్టు అనలేదండీ. నేరమేంటో, శిక్ష ఎంతో చూడకుండా శిక్ష పడ్డవాళ్లందరికీ గంపగుత్తగా ఓటు తీసేయడం తప్పంది, అంతే. 2011లో అక్కడి ఎంపీలు 234–22 తేడాతో నిషేధాన్నే సమర్థించారు. ఎన్నికైనవాళ్లదే చివరి మాట అంటారా? ఓటే లేనివాళ్ల సంగతి ఓట్లతో గెలిచినవాళ్లే తేల్చడం నాకైతే మింగుడుపడదు. మన ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని సెక్షన్ 62(5) ఇంకా కఠినం, విచారణ ఖైదీలు కూడా ఓటు వేయలేరు. ముందస్తు నిర్బంధంలో (నేరం జరక్కుండా ముందే పట్టి ఉంచడం) ఉన్నవాళ్లకే మినహాయింపు.