జో మిల్లర్‌కి న్యాయం జరగాలి

పెళ్లి బంతిలో మా బాబాయి జోకు మొదలుపెట్టగానే పిన్ని సాంబారు గిన్నె వైపు చెయ్యి చాస్తుంది. జోకు ఆఖరి మాట, సాంబారు వడ్డన ఒక్కసారే పూర్తవుతాయి. ఇరవై ఏళ్ల సాధన మరి. ఇలాంటి జోకుని మనం ‘పాత చింతకాయ పచ్చడి’ అంటాం. ఇంగ్లండులో ఒకప్పుడు ‘జో మిల్లర్’ అనేవారు. ఈ రెండు పేర్ల వెనకా ఘోరమైన అన్యాయం ఉందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ముందు మిల్లర్ కేసు. ఆయన లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో హాస్యనటుడు. వేషం తీసేస్తే మాత్రం మొహం గంటు పెట్టుకుని కూర్చునేవాడట. అందుకని తోటివాళ్లు ఎవరు ఏ జోకు పేల్చినా సరదాకి ఆయన ఖాతాలో రాసేవారని చెబుతారు. 1738లో పోయాడు. మరుసటి ఏడాదే 247 జోకులతో ‘జో మిల్లర్స్ జెస్ట్స్’ బజారుకొచ్చింది. వెల ఒక షిల్లింగు. కూర్చినవాడు జాన్ మాట్లీ అనే రచయిత. అట్ట మీద మిల్లర్ పేరు వేసి, లోపల తనకి ఎలైజా జెంకిన్స్ అని మారుపేరు తగిలించుకున్నాడు. అంటే తిట్లు పడాల్సి వస్తే పడటానికి ఒక పోయినవాడు, ఒక లేనివాడు సిద్ధం! ఇంత పకడ్బందీగా మన కాంట్రాక్టర్లు కూడా కాగితాలు రాయించుకోలేరు.

పుస్తకంలో మిల్లర్ కనిపించే జోకులు మూడంటే మూడు. అయినా అచ్చు మీద అచ్చు పడింది, పడినప్పుడల్లా కొత్తగా మరికొన్ని పాత జోకులు చేరాయి. చదివి చదివి విసిగిన జనం, ఎవరైనా నోరు తెరవగానే ‘ఇదొక జో మిల్లర్’ అనడం మొదలెట్టారు. 1843లో చార్లెస్ డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కరోల్’ కథలో పిసినారి ముసలాయన స్క్రూజ్, మనసు మారాక తన గుమాస్తా ఇంటికి పెద్ద టర్కీ కోడిని పంపుతూ, ఇలాంటి జోకు జో మిల్లర్ కూడా వేసి ఉండడని మురిసిపోతాడు. పోయిన నూరేళ్ల తర్వాత కూడా మనిషికి విశ్రాంతి లేదు.

ఇక చింతకాయ పచ్చడి. ఉప్పు, పసుపు వేసి తొక్కి జాడీకెత్తిన ఆ పచ్చడికి ఏళ్లు గడిచేకొద్దీ గిరాకీ. బాలింత పథ్యానికి పాతది కావాలంటే వీధిలో ఇల్లిల్లూ అడుగుతారు. బాబాయి జోకు కోసం ఎవరైనా అలా గిన్నె పట్టుకుని వచ్చారా?

కనుక ఇకమీదట పాత జోకులకి, చెప్పేవాళ్ల పేర్లే పెట్టాలని నా డిమాండు. మొదటి గౌరవం బాబాయికే ఇవ్వబోయాను.

“నాదెక్కడిదిరా, అది మా నాన్న జోకు” అన్నాడు.

తాతయ్య నవ్వగా మా ఇంట్లో చూసినవాళ్లు లేరు.