అండమాన్‌కు అనంతపురం ఎగుమతులు

చిన్నపిల్లలతో అండమాన్ దీవులకు బయలుదేరే కుటుంబాలకు పర్యాటక సంస్థలవారు ఉచితంగా ఇచ్చే సలహాల్లో అత్యంత ప్రమాదకరమైనది "సామాను తక్కువగా తెచ్చుకోండి" అన్నది. ఈ సలహా ఇచ్చేవారిలో ఒక్కరైనా రెండేళ్ళు నిండని బిడ్డను, ఐదేళ్ళ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని కనీసం తాడిపత్రి దాకా బస్సులో పోయివచ్చి ఉండరని నా దృఢ విశ్వాసం. వేసవి సెలవులు రాగానే మన అనంతపురం యువ దంపతులకు ఉన్నట్టుండి ద్వీపాల మీద ప్రేమ పుట్టుకొస్తున్న ఈ రోజుల్లో, సామాను విషయమై మన ప్రాంతపు హక్కులను ఎవరో ఒకరు బాధ్యతగా నమోదు చేయవలసి ఉన్నది.

ముందుగా వాన సంగతి. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అండమాన్‌లో సుమారు 3,000. మనకు ఐదేళ్ళకు పైగా సరిపోయే వానను ఆ దీవులు ఒక్క ఏడాదిలో ఖర్చు పెడతాయన్నమాట. పైగా నైరుతి రుతుపవనాలు కేరళకన్నా ముందు అండమాన్‌నే పలకరిస్తాయి, అదీ మే నెల మూడో వారం ప్రాంతంలో, అంటే మన పిల్లలకు బళ్ళు లేని రోజుల్లో. మన ఊళ్ళో గొడుగన్నది ఎండకు పట్టుకునే వస్తువు కాబట్టి వానకు ప్రత్యేక ఏర్పాటు తప్పదు. టవర్ క్లాక్ సమీపంలోని ఒక దుకాణంలో ఐదేళ్ళ పిల్లవాడికి రెయిన్‌కోటు కావాలని అడిగితే, దుకాణదారు నావైపు ఒకసారి, బయట కాస్తున్న ఎండవైపు ఒకసారి చూసి, అటక మీదినుంచి ఒక పొట్లం దింపి దుమ్ము దులుపుతూ, "పదేండ్ల సైజే ఉండాది సార్, తీస్కపోండి, వాన వచ్చేసరికి పిల్లోడు ఎదుగుతాడులే" అన్నాడు. జిల్లా వర్షపాత చరిత్రను ఇంత క్లుప్తంగా చెప్పిన అధికారిక నివేదికను నేను చదవలేదు.

ఇక విమానాల బరువు లెక్కలో మూలంలోనే దోషం ఉన్నది. దేశీయ విమానాల్లో సాధారణంగా టికెట్టుకు 15 కిలోల పెద్ద సామాను, 7 కిలోల చేతిసంచి అనుమతిస్తారు. రెండేళ్ళు నిండని బిడ్డ పెద్దవారి ఒడిలో కూర్చుంటుంది కనుక దానికి సీటు ఉండదు, మామూలుగా పెద్ద సామానులో వాటా కూడా ఉండదు. ప్రయాణికుడి వయసు తగ్గేకొద్దీ అతని సామాను పెరుగుతుందన్న ప్రకృతి నియమం ఈ లెక్కలు కట్టినవారి దృష్టికి రాలేదనుకోవాలి. ఎనభై కిలోల తండ్రికి నాలుగు చొక్కాలు, ఒక లుంగీ చాలు. తొమ్మిది కిలోల బిడ్డకు మాత్రం డైపర్లు, పాలపొడి డబ్బా, అది ఒలికిపోతే మరో డబ్బా, సీసాలు, సీసాలు కడిగే బ్రష్షు, సీసాలు మరిగించే గిన్నె, దోమతెర, పాట పాడే ఏనుగు బొమ్మ, ఆ ఏనుగు పడవలో పోతే ఊరడించడానికి అచ్చం అలాంటిదే రెండో ఏనుగు కావాలి. రెండో ఏనుగును మొదటిదాని కంటపడకుండా, అంటే బిడ్డ కంటపడకుండా, సర్దడం ప్రత్యేకమైన విద్య.

సర్దిన పెట్టెను తూచడానికి ఇంటాయన దాన్ని ఎత్తుకుని తూకం యంత్రం మీద నిలబడటం, వచ్చిన అంకెలోంచి ఆయన బరువు తీసివేయడం మన ఇళ్ళలో ఆచారం. ఇందుకోసం ఆయన తన అసలు బరువును భార్య సమక్షంలో, అత్తమామలు వచ్చి ఉంటే వారి సమక్షంలో కూడా, ప్రకటించవలసి వస్తుంది. తన బరువు తగ్గించి చెప్పుకుంటే పెట్టె బరువు పెరుగుతుంది. నిజం ఒప్పుకుంటే మరో రెండు కిలోల శనక్కాయల పొడికి చోటు దొరుకుతుంది. ఆత్మగౌరవానికీ పొడికీ మధ్య జరిగే ఈ పోటీలో పొడి ఓడిపోయిన ఇల్లు నేనింతవరకూ చూడలేదు.

ఆహారం విషయంలో నిజానికి ఏ చింతా అక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం వైపునుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో పప్పన్నం అడిగి తినడానికి మనకు దుబాసీ అవసరం లేదు. ఈ సమాచారాన్ని అంకెలతో సహా మా అమ్మ ముందు, అంటే పిల్లల అవ్వ ముందు, ఉంచగా, ఆమె శనక్కాయలు వేయించడం ఆపకుండానే, "వాళ్ళు శ్రీకాకుళమోళ్ళు గదా నాయనా, వాళ్ళకు ఉగ్గాని ఏం తెలుసు?" అన్నది. దీనికి గణాంక శాస్త్రంలో సమాధానం లేదు. కాబట్టి ఉగ్గానికి బొరుగులు ఒక పెద్ద సంచి, పప్పుల పొడి, రాగిపిండి, నిప్పట్లు తప్పనిసరి అయ్యాయి. బొరుగులకు బరువు లేదు కనుక విమానం వారికి వాటితో పేచీ లేదు. సగం పెట్టె ఆక్రమిస్తాయి కనుక పేచీ అంతా మా ఇంట్లోనే.

అసలు వివాదం ఎండుకొబ్బరి కారం దగ్గర మొదలైంది. ఎండుకొబ్బరిలో నూనె పాలు ఎక్కువ. దానికి తనంతట తాను వేడెక్కి అంటుకునే గుణం ఉన్నదని ఐక్యరాజ్యసమితి ప్రమాదకర వస్తువుల జాబితాలో 1363 అన్న సంఖ్య ఇచ్చి చేర్చారు. 2022లో మన దేశపు పౌర విమానయాన భద్రతాధికారులు కూడా దాన్ని చెక్-ఇన్ సామానులో నిషేధించారు. అయితే ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, ఉప్పు చేర్చి రోట్లో దంచిన తర్వాత అది చట్టం దృష్టిలో ఇంకా కొబ్బరేనా, లేక కారమా? కొబ్బరైతే విమానానికి నిప్పు అంటుకుంటుందని అధికారుల భయం. కారమైతే ఆ నిప్పు తిన్నవాడి నోటికే పరిమితమవుతుంది. ఈ సూక్ష్మమైన ధర్మసందేహాన్ని మా అమ్మ, "ఇన్నేండ్లుగా డబ్బా పొయ్యి పక్కనే పెడతాండా, ఒక్కనాడన్నా అంటుకున్యాదా?" అన్న ఒక్క ప్రశ్నతో కొట్టివేసింది. కొబ్బరి చెట్ల దీవికి అనంతపురంనుంచి కొబ్బరి మోసుకుపోవడం దేనికని మాత్రం ఎవరూ అడగలేదు. వాదన అంతా అది ఏ పెట్టెలో పోవాలన్న దాని మీదే నడిచింది.

దిష్టి తీయడానికి అరకిలో కల్లుప్పు కూడా పెట్టారు. ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు అండమాన్ సముద్రం ఉన్న చోటికి ఉప్పు ఎందుకంటే, సముద్రంలో ఉన్నది ఉప్పునీళ్ళే గానీ ఉప్పు కాదని వివరణ వచ్చింది. హోటలు గదుల్లో పొగ పసిగట్టే యంత్రాలుంటాయని తెలిసిన మీదట దిష్టి మిరపకాయలను మాత్రం పెద్ద మనసుతో విరమించుకున్నారు.

మందుల సంగతి పిల్లల డాక్టరు చూసుకుంటారు. జ్వరం మందు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, పడవలో వాంతులకు ఆయన రాసిచ్చినది పెట్టుకుంటే చాలు. అంతకన్నా గహనమైనది నిద్ర సమస్య. మన దేశ కాలాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. అండమాన్ అంతకు పది డిగ్రీలు తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే వాడుతుంది. ఫలితంగా మే నెలలో అక్కడ ఉదయం ఐదు కొట్టేలోపే తెల్లవారుతుంది, సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. పసిబిడ్డకు గడియారం తెలియదు, వెలుతురు మాత్రం బాగా తెలుసు. అప్పు చేసి విశ్రాంతికి వెళ్ళిన తల్లిదండ్రులు నాలుగున్నరకే లేచి ఏనుగు పాట వినకుండా ఉండాలంటే కిటికీకి కట్టడానికి ఒక నల్లటి దుప్పటి, తాడు, బట్టల క్లిప్పులు తీసుకుపోవాలి. సముద్రం కనబడే గది అని అదనంగా వసూలు చేసిన డబ్బు ఈ దుప్పటి వెనక భద్రంగా ఉంటుంది.

ఇసుకలో ఆడుకునే బకెట్టు, పార గురించి నాకు ప్రత్యేకమైన అభిప్రాయం ఉన్నది. ఎన్నికల్లో ఇసుక విధానం మీద వాదించుకునే రాష్ట్రంలో పుట్టిన పిల్లవాడికి ఇసుక అంటే ట్రాక్టరులో వచ్చి వీధిలో కుప్పపడేది, ఎక్కితే ఇంటి యజమాని కేకలేసేది. అండమాన్‌లోని రాధానగర్ బీచి ఫోటో చూపిస్తే మా వాడు చాలాసేపు చూసి, "ఇంత పెద్ద ఇల్లు ఎవరు కట్టుకుంటాండారు నాన్నా?" అని అడిగాడు. ఇలాంటి బాల్యానికి ఒక బకెట్టు చాలదని నేను రెండు పెట్టాను. వాటిలో గవ్వలు, పగడపు ముక్కలు నింపి తెచ్చుకుందామన్న వాడి పథకం మాత్రం నెరవేరదు. పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం దగ్గర తీసి పక్కన పెట్టించేస్తారు. ఉప్పు, కొబ్బరి తీసుకుపోయి గవ్వ కూడా తెచ్చుకోలేని ఈ ఏకపక్ష వాణిజ్యం మీద మన ప్రజాప్రతినిధులు పార్లమెంటులో ప్రశ్న వేయాలి.

ఆ ప్రశ్నకు జవాబు వచ్చేలోగా, ఒడిలో కూర్చునే బిడ్డకు పాతిక కిలోల సామాను హక్కు ప్రసాదించేలోగా, తాత్కాలిక ఉపశమనం ఒక్కటే ఉన్నది. జేబుల బరువు మీద ఇంతవరకూ ఏ కౌంటరులోనూ ఎవరూ నన్ను ప్రశ్నించలేదు. కాబట్టి 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా బెంగళూరు దగ్గరి దేవనహళ్ళి విమానాశ్రయానికి రాత్రి కారెక్కే ముందు ఇంటాయన మోకాళ్ళ దగ్గర కూడా జేబులున్న ప్యాంటు ధరించి, కుడివైపు డైపర్లు, ఎడమవైపు నిప్పట్లు, మోకాలి జేబుల్లో చెరొక ఏనుగు సర్దుకోవాలి. ఏనుగుల సెల్లులు మాత్రం ముందే తీసివేయాలి. భద్రతా తనిఖీలో చేతులు చాచి నిలబడిన మనిషి మోకాళ్ళు రెండూ కలిసి జోలపాట అందుకుంటే అధికారులకు నచ్చజెప్పడం కష్టం.