ఛార్జర్ పీకితే ఖర్చు సగమవుతుందా?

నెల రోజుల్లో ఒకే మెసేజ్ నాలుగు గ్రూపుల్లోంచి నా ఫోన్‌కి చేరింది. మొదట మా పెద్దమ్మ పంపింది. తర్వాత ఆఫీసు గ్రూపు, ఆ తర్వాత చిన్ననాటి స్నేహితులు, చివరికి మా అపార్ట్‌మెంట్ వాళ్లు. పైన పెద్ద అక్షరాలతో "ఇంటి ఖర్చు సగానికి సగం తగ్గించే తొమ్మిది సూత్రాలు" అని ఉంది, కింద "పది మందికి పంపండి" అని.

చదవనివాళ్ల కోసం ఆ తొమ్మిదీ క్లుప్తంగా చెప్తాను. వాడనప్పుడు ఫోన్ ఛార్జర్లు ప్లగ్గులోంచి పీకేయండి. ఫ్యాన్ స్పీడు తగ్గించినా కరెంటు తగ్గదు కాబట్టి ఫుల్లులోనే తిప్పండి. గీజర్ రోజంతా ఆన్‌లో ఉంచండి, మళ్లీ మళ్లీ వేడి చేస్తేనే ఎక్కువ ఖర్చు. రాత్రిపూట ఫ్రిజ్ ఆపేయండి. పెట్రోలు తెల్లవారుజామునే కొట్టించండి. ఏది కొన్నా పెద్ద ప్యాకే కొనండి. బయట కాఫీ మానేస్తే రిటైరయ్యేనాటికి కోటీశ్వరులు. కారే కుళాయిని వెంటనే బాగుచేయించండి. పెద్ద వస్తువులు వడ్డీ లేని వాయిదాల్లో తీసుకోండి.

ఇందులో ఒక్కటి పూర్తిగా నిజం. ఇంకో రెండు ఒకప్పుడు నిజం. మిగతావి లెక్క వేస్తే నిలబడవు, రెండు మూడైతే ఎదురు నష్టం. ఎంత శ్రమపడితే అంత డబ్బు మిగులుతుందన్న నమ్మకం ఈ జాబితా నిండా కనిపిస్తుంది. మీటరుకు మన శ్రమతో పనిలేదు.

ఛార్జర్‌తో మొదలుపెడదాం. పాతకాలం ఛార్జర్లు గుర్తున్నాయా? ఇటుకలా బరువుగా ఉండేవి, ఫోన్ తగిలించకపోయినా ముట్టుకుంటే వెచ్చగా తగిలేవి. ఆ వేడంతా వృథా కరెంటే. అప్పట్లో ఈ సలహాకు అర్థం ఉంది. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ, స్టాండ్‌బైలో, అంటే ప్లగ్గులో ఉండి పనిలేకుండా, ఉన్న ఏ పరికరమూ ఒక వాట్ దాటకూడదని ప్రతిపాదించిందంటే సమస్య ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. ఇప్పటి సంగతి వేరు. ఫోన్ ఛార్జర్ లాంటి చిన్న అడాప్టర్లు ఖాళీగా ఉన్నప్పుడు 0.1 వాట్ మించకూడదని యూరప్‌లో 2020 నుంచి నిబంధనే ఉంది. ఆ 0.1 వాట్ ఏడాదంతా, అంటే 8,760 గంటలు, నడిస్తే 0.88 యూనిట్ (వెయ్యి వాట్లు గంటసేపు నడిస్తే ఒక యూనిట్). ఒక్క యూనిట్ కూడా కాదు. 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్ ఒక్క రాత్రి పన్నెండు గంటలు తిరిగితే ఖర్చయ్యేది అంతే. ఏడాదంతా వంగి వంగి ప్లగ్గులు పీకినదానికి ఫలితం ఒక రాత్రి ఫ్యాను.

స్టాండ్‌బై మీదే కోపం ఉంటే దాన్ని టీవీ పక్కన ఉన్న పెట్టెల మీద చూపించండి. రిమోట్‌తో ఆపినా లోపల పనిచేస్తూనే ఉండే సెట్‌టాప్ బాక్స్ 10 వాట్లు లాగే రకమైతే ఏడాదికి 88 యూనిట్లకు దగ్గర. అది వంద ఛార్జర్ల పెట్టు.

ఫ్యాన్ సంగతి ఆసక్తికరం, ఎందుకంటే ఈ మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. గోడకు పెద్ద డబ్బాలాంటి రెగ్యులేటర్లు ఉండేవి. వాటి లోపల ఉన్నది వైరు చుట్టిన రెసిస్టెన్స్. ఫ్యాన్‌కి వెళ్లే కరెంటులో కొంత అది తీసుకుని వేడిగా మార్చేసేది. ఫ్యాన్ నెమ్మదించేది, డబ్బా కాలేది, మీటరు మాత్రం పెద్దగా నెమ్మదించేది కాదు. మా నాన్న చలికాలంలో దాని మీద చెయ్యి పెట్టి వెచ్చబడేవాడు. ఆ డబ్బాలు చాలా ఇళ్లలోంచి పోయాయి, మాట మాత్రం మిగిలింది. ఇప్పుడున్న చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అలా వేడి చేసి పారేయదు, ఫ్యాన్‌కి వెళ్లేదాన్నే తగ్గిస్తుంది. కాబట్టి స్పీడు తగ్గిస్తే కరెంటు తగ్గుతుంది, బాగానే తగ్గుతుంది.

అసలు పొదుపు ఇంకో దగ్గర ఉంది. బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారుతో వచ్చే ఫ్యాన్లు ఫుల్ స్పీడులో కూడా సుమారు 30 వాట్లతో తిరుగుతాయి. రోజుకు పన్నెండు గంటల చొప్పున ఏడాదంతా తిరిగే 75 వాట్ల ఫ్యాన్‌ని దీంతో మారిస్తే దాదాపు 197 యూనిట్లు మిగులుతాయి. ఒక్కసారి మార్చి ఊరుకుంటే చాలు, రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. ఇంకోమాట, మనిషి లేని గదిలో ఫ్యాన్ తిరగడం శుద్ధ దండగ. ఫ్యాన్ గదిని చల్లబరచదు, ఒంటి మీది చెమటను ఆరబెడుతుంది, అంతే.

గీజర్ దగ్గర మెసేజ్ నిఖార్సుగా తప్పు. "మళ్లీ వేడి చేస్తే ఎక్కువ కరెంటు" అన్నది చెవికి సబబుగానే వినిపిస్తుంది. కానీ ట్యాంకులోంచి వేడి బయటికి పోయే వేగం లోపలి నీళ్లకీ బయటి గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. నీళ్లు ఎంతసేపు వేడిగా ఉంటే అంతసేపు ఆ వేడి పోతూనే ఉంటుంది, గీజర్ దాన్ని నింపుతూనే ఉంటుంది. ఆపేస్తే నీళ్లు చల్లారతాయి, చల్లారేకొద్దీ నష్టం కూడా తగ్గుతుంది. చిల్లు కుండని రోజంతా నిండుగా ఉంచడం తేలికా, కావలసినప్పుడు నింపుకోవడం తేలికా? ఒకరి స్నానానికి 15 లీటర్ల నీళ్లని 25 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు తేవాలంటే సుమారు 0.44 యూనిట్ కావాలి. 2,000 వాట్ల గీజర్‌కి అది పదమూడు నిమిషాల పని. అంటే ఇద్దరి స్నానాలతో ఛార్జర్ ఏడాది లెక్క పూర్తయిపోయింది. ఇంట్లో నీళ్లు కాచే పని ఎక్కడెక్కడ జరుగుతోందో చూస్తే బిల్లు ఎందుకు పెరిగిందో సగం తెలిసిపోతుంది. హీటరున్న వాషింగ్ మెషీన్‌లో కూడా ఎక్కువ కరెంటు తినేది నీళ్లు వేడెక్కడమే, డ్రమ్ము తిరగడం కాదు. మామూలు మురికి బట్టలకి చల్లనీళ్లు చాలు.

ఇక ఫ్రిజ్. తొమ్మిదింటిలో నన్ను నిజంగా భయపెట్టింది ఇదే.

రాత్రి ఎనిమిది గంటలు ఆపితే మూడోవంతు కరెంటు మిగులుతుందని రాశారు. మిగలదు. కంప్రెసర్ ఆగింది కానీ గోడల్లోంచి లోపలికి వేడి చేరడం ఆగలేదు. ఆ చేరిన వేడినంతా పొద్దున్నే కంప్రెసర్ బయటికి తోడాలి. మిగిలేదల్లా లోపల కాస్త వెచ్చబడటం వల్ల తగ్గిన చేరిక మాత్రమే. గది 30 డిగ్రీలు, ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు అనుకుందాం. తేడా 26. ఆ ఎనిమిది గంటల్లో లోపల సగటున మరో 4 డిగ్రీలు పెరిగితే ఆ సమయంలో చేరే వేడి 15 శాతం తగ్గుతుంది, రోజు మొత్తం మీద చూస్తే 5 శాతం. ఏడాదికి 250 యూనిట్లు తినే ఫ్రిజ్‌లో అది 13 యూనిట్లలోపే.

దానికోసం ఒప్పుకుంటున్న ప్రమాదం ఏమిటి? చెడిపోయే ఆహారాన్ని 5 డిగ్రీల లోపు ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు జోరుగా పెరుగుతాయి, అనుకూలమైన వేడిలో కొన్ని ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ ఆహారాన్ని కాపాడేది సుమారు నాలుగు గంటలు. ఈ సూత్రం రోజూ ఎనిమిది గంటలు ఆపమంటోంది. ఒక్కసారి పాలు విరిగితే, వండింది పారబోస్తే, పిల్లలకి వాంతులు పట్టుకుంటే ఆ 13 యూనిట్లు ఎక్కడికి పోతాయి? ఫ్రిజ్ దగ్గర పొదుపు కావాలంటే తలుపు చుట్టూ ఉన్న రబ్బరు చూడండి. ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగండి, జారి వచ్చేస్తే రబ్బరు మార్చే సమయమొచ్చింది. వెనక గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య గాలి ఆడనివ్వండి. వేడి గిన్నెలు ఆవిరి పోయాక పెట్టండి, అలాగని గంటల తరబడి బయట వదిలేయకండి. మా ఇంట్లో ఈ మూడోదాని మీదే రోజూ గొడవ.

పెట్రోలు కథ చిన్నది. వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుందన్నది నిజమే, డిగ్రీకి సుమారు 0.1 శాతం. కానీ బంకులో అది భూమిలోపలి ట్యాంకులో ఉంటుంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ అక్కడ ఉష్ణోగ్రత మారేది అంతంతమాత్రం. పోనీ రెండు డిగ్రీలు మారిందనే అనుకోండి, 40 లీటర్లకి తేడా 80 మిల్లీలీటర్లు. లీటరుకు పదిహేను కిలోమీటర్లిచ్చే కారు కిలోమీటరుంపావు నడిస్తే ఆ తేడా అయిపోతుంది. నిద్ర పాడుచేసుకుని బంకుకి వెళ్లేకంటే టైర్లలో గాలి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం నయం.

పెద్ద ప్యాకు దగ్గర కాస్త ఆగాలి. కరెంటు కంటే ఇక్కడే ఎక్కువ డబ్బు జారిపోతుంది.

పెద్దది చవక అన్నది చాలాసార్లు నిజం, ఎప్పుడూ కాదు. అట్ట మీది ధరను బరువుతో భాగించి చూడండి. మధ్య సైజు ప్యాకే చవగ్గా తేలడం నేను చాలాసార్లు చూశాను, ఆఫర్ పెట్టినప్పుడు మరీను. ధర మారకుండా లోపలి బరువు మాత్రం తగ్గే ప్యాకెట్లూ ఉంటాయి, వాటిని పట్టించేది కూడా ఈ భాగహారమే. సరే, పెద్దది నిజంగానే 15 శాతం చవకనుకుందాం. అందులో 15 శాతం పాడై పారేస్తే లాభం సున్నా. అంతకు మించితే చిన్న ప్యాకు కొన్నవాళ్లే తెలివైనవాళ్లు. పాడవ్వడం అరుదేమీ కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో వినియోగదారుల దాకా వచ్చిన ఆహారంలో 19 శాతం వృథా అయింది. అలా పోయినదాంట్లో అరవై శాతం ఇళ్లలో పోయిందే. హోటళ్లలో కాదు, దుకాణాల్లో కాదు.

నివేదికకి అందనిది ఇంకొకటుంది. డబ్బా నిండుగా ఉంటే చెయ్యి ధారాళమవుతుంది. షాంపూ సీసా నిండా ఉన్నప్పుడు ఎంత పోస్తాం, అడుగంటినప్పుడు ఎంత పోస్తాం? రెండోసారీ తల శుభ్రంగానే ఉంటుంది. నా మట్టుకు నేను పెట్టుకున్న పద్ధతి ఇది. పాడవనివీ, ఎక్కువ వాడమన్నా వాడలేనివీ పెద్దవి. తేదీ ఉన్నవీ, నోరూరించేవీ చిన్నవి.

కాఫీ సూత్రం రాసినవారి లెక్క తప్పు కాదు, అందులో దాచింది ఎక్కువ. నెలకు 100 చొప్పున (కరెన్సీ మీ ఇష్టం) 30 ఏళ్లు దాచి, ఏటా 12 శాతం రాబడి వస్తే చివరికి సుమారు 3,49,000 అవుతుంది. చూడ్డానికి బ్రహ్మాండం. కానీ ధరలు ఏటా 6 శాతం పెరుగుతుంటే ఆ మొత్తానికి ఈనాటి విలువ 61,000 లోపు. రాబడి 8 శాతమే వస్తే చేతికొచ్చేది 1,49,000, ఈనాటి విలువ 26,000. ముప్పై ఏళ్లపాటు ఏటా 12 శాతం ఇస్తానని ఎవరూ రాసివ్వరు.

అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, తాగని కాఫీ డబ్బు తనంతట తాను నడిచి పొదుపులోకి వెళ్లదు. అదే ఖాతాలో ఉంటుంది, శనివారం ఇంకో రూపంలో ఖర్చవుతుంది. జీతం పడ్డ రోజే కొంత మొత్తం దానంతటదే వేరే ఖాతాకి వెళ్లేలా పెట్టుకున్నవాళ్లు కాఫీ తాగుతూ కూడా దాచగలరు. అలా పెట్టుకోనివాళ్లు కాఫీ మానేసి, సాయంత్రానికి చిరాకు పడతారు. ఇంట్లో ఎవరి కాఫీ ముందు ఆగుతుందో కూడా గమనించండి. సంపాదన లేదని అనిపించుకునేవాళ్లదే.

కుళాయి గురించి చెప్పింది అక్షరాలా నిజం. సెకనుకొక చుక్క, చుక్క పావు మిల్లీలీటరు అనుకుంటే రోజుకు 21 లీటర్ల పైన, ఏడాదికి దాదాపు 7,900 లీటర్లు. చాలాసార్లు లోపలి వాషర్ మారిస్తే సరిపోతుంది. అది వేడినీళ్ల కుళాయి అయితే నీళ్లతోపాటు కరెంటూ కారుతున్నట్టే. మెసేజ్ వచ్చిన రోజే మా స్నానాల గదిలోది బాగుచేయించాను, కాబట్టి పెద్దమ్మకి ఆ మేరకు రుణపడి ఉన్నాను.

చివరిది వడ్డీ లేని వాయిదాలు. "వడ్డీ లేదు" అన్నప్పుడు అడగాల్సింది ఒక్కటే: మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారు? వాయిదాల్లో నెలకు 1,000 చొప్పున పన్నెండు నెలలు కట్టే వస్తువుని నగదుకి 11,000కే ఇస్తున్నారనుకోండి. ఆ తేడా వడ్డీయే, ఏడాదికి 16 శాతం పైన పడుతుంది. దీనికి ప్రాసెసింగ్ ఫీజు కలిస్తే ఇంకా పెరుగుతుంది. నగదు ధర కూడా 12,000 అయి, ఫీజు లేకపోతే వాయిదాల్లో తీసుకోవడంలో తప్పేమీ లేదు, కాకపోతే ఏ నెలా తప్పకూడదు. తప్పితే ఆలస్య రుసుము పడుతుంది, క్రెడిట్ కార్డు మీద తీసుకున్నదైతే మామూలు కార్డు వడ్డీ కూడా తగులుకుంటుంది.

కార్డు వడ్డీ నెలకు 3 శాతం అంటే చిన్నదిగా వినిపిస్తుంది. అది చక్రవడ్డీగా పెరిగితే ఏడాదికి 42.6 శాతం. 10,000 బాకీ అలాగే వదిలేస్తే పన్నెండు నెలల తర్వాత 14,258. ఇంటి ఖర్చు సగం చేస్తానన్న మెసేజ్‌లో ఈ కార్డు బాకీ ఊసే లేదు.

ఇదంతా పెద్దమ్మకి ఫోన్‌లో చెప్తే ఓపిగ్గా విని, "అయితే ఛార్జర్ పీకొద్దంటావా?" అంది. పీకు పెద్దమ్మా, పసిపిల్లలు ఆ వైరు నోట్లో పెట్టుకోకుండానైనా ఉంటారు అన్నాను. ఫ్రిజ్ మాత్రం రాత్రి ఆపనని మాటిచ్చింది.